డేగ రంగు చూసి కొనకండి: విశాఖలో అసీల్ కోళ్లను ప్రమాణానికి పెంచి ప్రదర్శనకు నిలబెట్టే పద్ధతి

నేను మొదట కొన్న పుంజు డేగ, అంటే ఎర్ర రంగుది. ఎండలో నిలబెడితే చింతపండుతో తోమిన రాగి చెంబులా మెరిసేది. సంతలో నలుగురూ ఆగి చూస్తున్నారు కదా అని బేరం కూడా సరిగా ఆడకుండా సంకన పెట్టుకుని పెందుర్తి తెచ్చేశాను. రొమ్ము ఎముక వంకరని ఇంటికొచ్చాక తెలిసింది. వెదురు కర్ర మీద పడుకుని అలా అయుంటుందిలే అనుకున్నాను. ఆ ఏడాది దాని పిల్లలు 17 పెరిగితే 11 పిల్లలకు రొమ్ము వంకర. కర్రలన్నీ పీకేసి నాలుగంగుళాల వెడల్పు చెక్కలు వేశాను. మరుసటి ఏడు కూడా అదే తంతు. అంటే వంకర కర్రది కాదు, పుంజుది. డబ్బు పోతే పోయింది, రెండేళ్లు పోయాయి.

మనవైపు పుంజుని రంగుతోనే పిలుస్తాం. కాకి, డేగ, నెమలి, సేతువ, కౌజు, పర్ల, మైల, రసంగి. సంక్రాంతి పందేల లెక్కల నుంచి వచ్చిన అలవాటిది. ప్రదర్శనకు పెంచే లెక్క వేరు. అక్కడ ముందు చూసేది ఒంటి కట్టు, తర్వాత తల, ఆ తర్వాత కాళ్లు. రంగు ఎక్కడో చివర వస్తుంది. ఈ ఒక్క మాట నాకు మొదటి రోజునే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ముందు కాగితం, తర్వాతే కోడి

అసీల్ అంటే అరబ్బీలో కలగలుపు లేని అసలైనది అని అర్థం. మనం రోజూ వాడే ‘అసలు’ కూడా ఆ కుదురు నుంచి వచ్చినదే. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఈ జాతి సొంత ఊళ్లు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దీన్ని దేశీ జాతిగా నమోదు చేసి, లక్షణాలు రాసిపెట్టింది. మన దగ్గర అసీల్ పుంజు 3 నుంచి 4 కిలోలు, పెట్ట 2 నుంచి 3 కిలోలు తూగుతుంది.

బ్రిటన్‌లో కోళ్ల ప్రమాణాల పుస్తకం, అంటే ఏ జాతి ఎలా ఉండాలో చెప్పే పుస్తకం, 1865లోనే వచ్చింది, అమెరికాలో 1874లో. అసీల్ వాళ్ల పుస్తకాల్లో కూడా ఉంది. అవి చదవండి, కానీ అలాగే దించేయకండి. బ్రిటన్ వాళ్లు రాసుకున్నది రెజా అనే చిన్న రకం, అందులో పుంజు 2.7 కిలోలు దాటకూడదు. ఆ కొలతతో చూస్తే మన ఉత్తరాంధ్ర పుంజు అడుగు పెట్టకముందే ఓడిపోతుంది. అలాగే తమిళనాడులో, దిండిగల్ లాంటి చోట్ల, చిలకముక్కు కోళ్లకు ప్రత్యేకంగా అందాల ప్రదర్శనలు పెడతారు. పొట్టిగా వంగిన ముక్కు, నేలను ఊడ్చేంత తోక ఆ రకం సొత్తు. పొట్టి తోక అసీల్‌ని చిలకముక్కుతో కలిపితే వచ్చే పిల్లలు ఏ పోటీకీ పనికిరావు. ఏ రకమో తేల్చుకోండి, ఏ ప్రదర్శనకు వెళ్తారో తేల్చుకోండి, వాళ్ల నియమాలు ముందే తెప్పించుకుని గూడు గోడకు అంటించండి.

నేను మా గూటి కోసం నూరు మార్కుల పట్టిక ఒకటి రాసుకున్నాను. ఒంటికి 25, తలకు 20, మెడకూ నిలబడే తీరుకూ 15, కాళ్లకు 15, ఈకల బిగువుకు 10, తోకకు 5, రంగుకు 5, ఆరోగ్యానికి 5. ఇది నా సొంత లెక్క, మీరు మార్చుకోవచ్చు. రంగుకు మాత్రం ఐదు దాటనివ్వకండి.

కళ్లు మూసుకుని చూడటం

సబ్బవరం వైపు ఒక పెద్దాయన ఉన్నారు, నలభై ఏళ్లుగా కోళ్లు పెంచుతున్నారు. రెండోసారి పుంజు కొనబోయేముందు ఆయన దగ్గరికెళ్లాను. పుంజుని నా చేతిలో పెట్టి, “ముందు కళ్లు మూసుకోరా బాబూ” అన్నారు.

“ఎందుకు మావయ్యా?”

“రంగు కనబడితే నీ చెయ్యి అబద్ధం చెప్తాది.”

కళ్లు మూసుకున్నాను. ఎడమ అరచేయి రొమ్ము కింద, వేళ్ల మధ్య దాని కాళ్లు. మొదట బరువు తెలిసింది, చూపుకు ఉన్నదాని కంటే ఎక్కువ. మంచి అసీల్ చేతిలో గట్టిగా ఉంటుంది, గాలి పోసిన సంచిలా మెత్తగా ఉండదు. తర్వాత కుడిచేతి బొటనవేలు రొమ్ము ఎముక మీద పైనుంచి కిందికి జరిపించారు. ఎక్కడా పక్కకు జారకూడదు, మధ్యలో గుంట తగలకూడదు. భుజాలు ఒంటికి దూరంగా, వెడల్పుగా ఉండాలి. వీపు భుజాల దగ్గర వెడల్పై తోక వైపు సన్నబడాలి. ఈకలు పొట్టిగా, బిగువుగా, ఒంటికి అతుక్కుని ఉండాలి, లోపల నూగు దాదాపు ఉండకూడదు. రొమ్ము ఎముక కొన దగ్గర ఈకలు లేక ఎర్రటి తోలు కనబడితే జబ్బనుకోకండి, అది ఈ జాతి తీరే.

అప్పుడు కళ్లు తెరిపించి తల చూపించారు. పొట్టిగా, లావుగా ఉన్న ముక్కు. నెత్తిన పెద్ద తురాయి కాదు, అణిగి మూడు వరుసల బొడిపెల్లా ఉండే చిన్న తురాయి. ముక్కు కింద వేలాడే ఎర్ర తోలు ఉందా లేదా అన్నట్టుండాలి. కన్ను ముత్యం రంగు. ఇక్కడ కొత్తవాళ్లు తొందరపడి మంచి పిల్లను తీసేస్తుంటారు. చిన్నప్పుడు కన్ను పసుపుగానో ముదురుగానో ఉంటుంది, ఏడాది దాటాక గానీ తెల్లబడదు.

చివరికి నేల మీద వదిలి, ఎదురుగా కూర్చుని నడక చూశాం. మోకాళ్లు లోపలికి వాలితే, నడుస్తూ కాళ్లు దగ్గరకొస్తే వద్దు. వేళ్లు వంకర తిరిగితే వద్దు. ఆ రోజు కొన్నది మామూలు మైల పుంజు. సంతలో ఎవరూ తిరిగి చూడరు. ఇవాళ నా గూళ్లలో ఉన్న సగం కోళ్లు దాని సంతానమే.

తురాయి చెప్పే గుట్టు

పల్లెల్లో నాటుకోడి పేరుతో తిరుగుతున్న వాటిలో బయటి రక్తం చాలా కలిసింది. పెరటి పెంపకానికి పంచిన వనరాజా, గ్రామప్రియ లాంటివి మంచి కోళ్లే, గుడ్లకీ మాంసానికీ పనికొస్తాయి, కానీ అసీల్ గూట్లోకి రాకూడదు. కలిసిందో లేదో పట్టుకోవడానికి తురాయి బాగా పనికొస్తుంది.

అణిగిన తురాయి జన్యువు రంపంలాంటి ఒంటి తురాయి జన్యువును కప్పేస్తుంది. అందుకే కలగలుపు పుంజు కూడా చూపుకు అసీల్‌లాగే ఉండొచ్చు, కాకపోతే తురాయి కాస్త ఎత్తుగా లేస్తుంది. అలాంటి పుంజు, అలాంటి పెట్ట జతకడితే నాలుగు పిల్లల్లో సుమారు ఒకటి రంపపు తురాయితో పుడుతుంది. అలా ఒక్క పిల్ల పుట్టినా తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువు మోస్తున్నట్టే, ఒకరిని వెనకేసుకు రావడానికి లేదు.

పుంజు మీద అనుమానం ఉంటే పరీక్ష సులువే. రంపపు తురాయి ఉన్న మామూలు పెట్టతో కలిపి ఎనిమిది పిల్లలు తీయించండి. తురాయి తీరు గుడ్డులోంచి బయటకొచ్చిన రోజే కనబడుతుంది. పుంజు కలగలుపుదైతే సగం పిల్లలు రంపంతో రావాలి. కలగలుపు పుంజుకు ఎనిమిదీ అణిగిన తురాయితోనే వచ్చే అవకాశం 256లో ఒకటి మాత్రమే. పరీక్ష పిల్లల్ని మాత్రం పెంపకంలో కలపకండి, కూరకు ఇచ్చేయండి.

మూడు గూళ్ల పద్ధతి

ఒకే పుంజుని ఏళ్ల తరబడి దాని కూతుళ్ల మీదే వాడితే గుడ్లు పొదగవు, పిల్లలు నీరసిస్తాయి. తండ్రీ కూతుళ్లను గానీ, అన్నా చెల్లెళ్లను గానీ కలిపితే పుట్టే పిల్లలో రక్తదగ్గరితనం ఒక్క తరంలోనే 25 శాతం. అలాగని ఏటా బయటి పుంజు తెస్తే జాతి నిలవదు. మధ్య దారి మూడు గూళ్లు.

ఎర్ర, పచ్చ, నీలం అనుకోండి. ఒక్కో గూట్లో ఒక పుంజు, నాలుగైదు పెట్టలు. పిల్లలకు తల్లి గూటి రంగు ప్లాస్టిక్ ఉంగరం కాలికి వేస్తారు, పెరిగేకొద్దీ సైజు మారుస్తారు. మరిచిపోతే ఉంగరం కాల్లోకి కోసుకుపోతుంది, కాబట్టి నెలకోసారి చూడండి. కూతుళ్లు తల్లి గూట్లోనే ఉంటాయి. ఎర్ర గూటి కొడుకు పచ్చ గూటికి, పచ్చది నీలానికి, నీలంది ఎర్రకి వెళ్తాయి. ఏటా అంతే, లెక్క తప్పదు. పుంజుని మార్చాక పాత పుంజు బీజం పెట్టలో రెండు వారాల దాకా ఉంటుంది, అందుకే మూడు వారాలు ఆగి గుడ్లు దాచడం మొదలుపెట్టండి.

మధురవాడలోనో గాజువాకలోనో మేడ మీద పెంచేవాళ్లకు మూడు గూళ్లు కుదరవు. తెల్లవారుజామున నాలుగింటికి మూడు పుంజులు కూస్తే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? ముగ్గురు స్నేహితులు తలో గూడు పెట్టుకోండి. నావి రెండు గూళ్లు, మూడోది ఆనందపురంలో ఒక తమ్ముడి తోటలో ఉంది.

గుడ్లు ఎప్పుడు పెట్టాలి

విశాఖలో ఎండ కంటే చెమట ఎక్కువ. మే నెల ఉక్కపోతకు పుంజు రెక్కలు వేలాడేసి రొప్పుతుంది, గుడ్లలో బీజం తగ్గుతుంది. అక్టోబరులో తుపాన్ల టెన్షన్ ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు లేక అల్లాడిన రోజులు ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. కార్తీకం నుంచి మాఘం దాకా పొదిగించడం నా అలవాటు. అప్పుడు పుట్టినవి మరుసటి చలికాలానికి నిలదొక్కుకుంటాయి. పుంజు పూర్తిగా తయారవడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. తొందరగా ఎదిగే జాతి కావాలంటే అసీల్ జోలికి రాకపోవడమే మంచిది.

గుడ్డు నున్నగా, తీరుగా ఉండాలి, పగుళ్లు ఉండకూడదు. కోసుగా ఉన్నవి, మరీ గుండ్రంగా ఉన్నవి పక్కన పెట్టండి. చల్లని చోట సన్నటి కొన కిందికి పెట్టి వారం దాకా దాచొచ్చు, మన గదుల వేడిలో అయితే మూడు నాలుగు రోజులే. అసీల్ పెట్ట పొదుగుకు బాగా కూర్చుంటుంది. పది పన్నెండు గుడ్లకు మించి పెట్టకండి. మెషీన్ వాడితే ఫ్యాన్ ఉన్నదానికి 37.5 డిగ్రీలు, తేమ 50, 55 శాతం మధ్య. 18వ రోజున గుడ్లు తిప్పడం ఆపి తేమ 65 పైకి పెంచాలి. వానాకాలపు గాలిలోనే తేమ బోలెడు, కాబట్టి ఆ రోజుల్లో నీళ్లు పోసేముందు తేమ మీటరు చూడండి. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చి మీద గుడ్డు పెడితే సాలెపురుగులా ఎర్ర నరాలు కనబడాలి. 21వ రోజుకు పిల్ల.

పిల్లలు

మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, ఆపైన వారానికి సుమారు మూడు డిగ్రీలు తగ్గించండి. థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, గోడలకు అంటుకుని నోళ్లు తెరిస్తే వేడి.

టీకాలు తప్పించకండి. మొదటి వారంలో కొక్కెర తెగులుకు లసోటా చుక్క, 14వ రోజుకు గంబోరో తెగులు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మశూచి, ఎనిమిది నుంచి పది వారాల మధ్య కొక్కెర తెగులుకే ఆర్‌టూబి సూది. మీ పశువైద్యుడు తేదీలు అటూ ఇటూ మార్చితే ఆయన మాటే వినండి. టీకా సీసా ఐస్‌లో తెచ్చుకోవాలి. బండి డిక్కీలో పెట్టుకుని ఎండలో తెస్తే అది టీకా కాదు, నీళ్లు.

మేత దగ్గర ఇక్కడివాళ్లకు ఒక వరం, ఒక గండం ఉన్నాయి. మొదటి ఎనిమిది వారాలు 20 శాతం మాంసకృత్తులున్న పిల్లల దాణా, తర్వాత దాణాకు తోడు చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), నూకలు. పెట్టలకు సముద్రపు గుల్లలు దంచి పెట్టొచ్చు, రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టాక. అది వరం. ఇక గండం ఎండుచేప. చవగ్గా దొరుకుతుంది కదా అని ఉప్పుచేప పొడి కలిపితే ఉప్పు ఎక్కి పిల్లలు పొద్దుటికి కాళ్లు చాపేస్తాయి. ఉప్పు వేయకుండా ఎండబెట్టిందైతేనే తెండి, అదీ కొంచెం.

అసీల్ పిల్లలు కొన్ని వారాలకే కలబడతాయి. మూడు నాలుగు నెలలకల్లా పుంజుల్ని విడివిడిగా కట్టేయండి. ముఖం మీద మచ్చ పడ్డాక ఏ షాంపూ దాన్ని పోగొట్టదు.

తీసేయడం

ఇదే అసలు పని, ఎవరికీ ఇష్టంలేని పని కూడా. 8, 16, 24 వారాలకు, మళ్లీ ఏడాదికి తూకం వేసి పుస్తకంలో రాస్తాను. పుట్టిన రోజే వంకర ముక్కు, వంకర వేళ్లు, రంపపు తురాయి ఉన్నవి పక్కకు. ఎనిమిదో వారానికి కాళ్ల తీరు తెలుస్తుంది. పదహారుకు రొమ్ము ఎముక. ఎత్తు, భుజాలు మాత్రం ఎనిమిది నెలలు దాటేదాకా తేల్చకండి. నాలుగో నెలలో అసీల్ పుంజు పదో తరగతి కుర్రాడిలా ఉంటుంది, కాళ్లూ చేతులూ తప్ప ఏమీ కనబడదు. నూటికి ఐదో ఆరో పెంపకానికి మిగిలితే మంచి ఏడాది కింద లెక్క.

తీసేసినవాటిని ఏం చేస్తామో కూడా ముందే అనుకోండి. పండగ ముందు పందేలవాళ్లు మంచి ధర ఇస్తారు. నేను ఇవ్వను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రెండూ పందేలకు అడ్డమే, పైగా ఏడాది పాటు చేత్తో మేపిన కోడికి కత్తి కట్టడం నా వల్ల కాదు.

ప్రదర్శనకు నెల ముందు

విరిగిన తోక ఈకనో రెక్క ఈకనో పీకితే మళ్లీ నిండుగా రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే నెల ముందు చూసుకుంటే అప్పటికే ఆలస్యం. ఈకలు రాలే కాలంలో ఉన్న కోడిని ఆ ఏడాదికి ఇంట్లోనే వదిలేయండి.

మూడు వారాల ముందు నుంచి రోజూ పావుగంట బోనులో నిలబెట్టండి. సన్నటి పుల్లతో రొమ్ము కింద తాకి తల ఎత్తి నిలబడేలా అలవాటు చేయండి, నిలబడితే ఒక వేరుశనగ గింజ ఇవ్వండి. కొత్తవాళ్ల చేతికి కూడా ఇచ్చి చూడండి. మా ఇంట్లో ఆ పని మా మేనకోడలిది. జడ్జి చెయ్యి తగలగానే కొట్టుకునే కోడికి ఎంత మంచి ఒళ్లున్నా ఎవరూ సరిగా చూడలేరు.

పేలు, పిడుదులు తోక కిందా రెక్కల కిందా ఉంటాయి, ఈకలు విడదీసి చూడండి. ఒక్క పేను కనబడినా చాలా చోట్ల పోటీ నుంచి పక్కన పెట్టేస్తారు. మందు డాక్టరుని అడిగి రెండు వారాల ముందే వేసేయాలి.

స్నానం రెండు మూడు రోజుల ముందు, పొద్దున్నే. అసీల్ ఈక బిగువైనది, మరీ మురికి లేకపోతే తడిబట్టతో తుడిచినా చాలు. స్నానమే చేయించాలంటే మూడు బకెట్లు: గోరువెచ్చని నీళ్లలో పిల్లల షాంపూ, తర్వాత ఉత్త నీళ్లు, మూడోదాంట్లో ఒక చెంచా వెనిగర్. ఈక వాలు వైపే చెయ్యి నడపాలి. మన సముద్రపు గాలికి తొందరగా ఆరదు, సాయంత్రం కడిగితే తడితోనే పడుకుంటుంది. ఆరాక దాని ఒంటి నూనె అది పూసుకోవడానికి రెండు రోజులు కావాలి, ముందే కడగడం అందుకే. కాలి పొలుసుల సందులు పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఒక చుక్క కొబ్బరినూనె రాసి, మిగిలింది బట్టతో తుడిచేయండి. తురాయి కోయడం, రంగు వేయడం లాంటి పనులు వద్దు.

ప్రయాణం రాత్రిపూట పెట్టుకోండి. ఒక్కో కోడికి ఒక్కో గాలాడే పెట్టె, అడుగున వరిగడ్డి. నీళ్ల గిన్నె పెడితే ఒలికి రొమ్ము తడుస్తుంది, దోసకాయ ముక్కలు పెడితే దాహం తీరుతుంది.

పోటీ అయ్యాక జడ్జి ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, గెలిచిన కోడి గురించి కాదు, మీ కోడి గురించి అడగండి. నా మొదటి ప్రదర్శనలో ఆయన నా పుంజుని రెండు నిమిషాలు చేతిలో పట్టుకుని, “ఒళ్లు ఉంది, మెడ పొట్టి” అని వెళ్లిపోయారు. ఆ నాలుగు ముక్కలే మరుసటి ఏడు ఏ పెట్టలతో కలపాలో తేల్చాయి.

ఇంటికి తెచ్చిన కోడిని నేరుగా గూట్లో వదలకండి. వందల కోళ్ల మధ్య తిరిగొచ్చిందది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇక్కడ కూడా అందరికీ గుండెలు జారాయి. మూడు వారాలు వేరే చోట, వేరే గిన్నె, వేరే చెప్పులు. ముందు గూళ్లలోవాటికి మేత వేసి, ఆఖరున దాని దగ్గరికెళ్లండి. మా మైల పుంజు ఆ మూడు వారాలూ మెట్ల కింద ఉండి, గూట్లో కొడుకు కూసినప్పుడల్లా బదులు కూస్తూ ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది.